రెండు ఒడ్లతో మాట్లాడిన ఎస్తేర్

ఫోన్ మోగినప్పుడు ఎస్తేర్ ఒక పసివాడి ముఖానికి నెబులైజర్ మాస్కు ఆనించి పట్టుకుని ఉంది. కామారెడ్డిలో పిల్లల దవఖానాలో నర్సు ఆమె. వానలు మొదలైతే చాలు, అటు గాంధారి నుంచి, ఇటు బీబీపేట నుంచి దగ్గే పిల్లలను ఆటోల్లో వేసుకుని తల్లులు దిగుతారు. వార్డులో కాలు పెట్టే సందు ఉండదు. ఫోన్ మోగి ఆగింది. మళ్లీ మోగింది. ఆగి మళ్లీ మోగింది. పసివాడి డొక్కలు ఎగరడం తగ్గేదాకా ఆమె మాస్కు తీయలేదు. తర్వాత వాణ్ణి తల్లి చేతికిచ్చి, వరండాలోకి వచ్చి ఫోన్ చూసుకుంది. ఆఫ్రికా నంబరు.

"ఒదినె..." అన్నాడు లక్ష్మణ్.

లక్ష్మణ్‌ది గాంధారి పక్క ఊరు. ఎస్తేర్ భర్త నగేశ్ దగ్గర బోరు బండి మీద హెల్పర్. ఇద్దరూ కలిసే ఆఫ్రికా పోయారు.

"ఏమైంది లక్ష్మణ్? మీ అన్నకు ఏమన్న తాకిందా? రాడ్డు గిట్ల పడ్డదా?"

"లేదు ఒదినె. పొద్దుగాల తుపాకులోళ్లు వచ్చిండ్రు. మోటార్ సైకిళ్ల మీద. బండి కాలవెట్టిండ్రు. అన్నను, ఈడి డ్రైవర్ సబిని ఎత్తుకపోయిండ్రు. నేను పత్తి చేన్ల పండుకున్న. కనవడలె వాళ్లకు. ఒదినె, నేను ఏం చేయలేకపోయిన."

ఎస్తేర్ గోడకు ఆనుకుంది. ఏడుపు వస్తుందేమో అనుకుంది గాని రాలేదు.

"బతికున్నడా?"

"బతికున్నడు. నడిపిచ్చుకుంట తీస్కపోయిండ్రు. సిపాయిలు ఎంబడి వడ్డరు గని, నది దాంక పోయి ఆగిండ్రు."

"ఎందుకాగిండ్రు?"

"అవతల ఒడ్డు వేరే దేశం ఒదినె. దాటొద్దట."

ఆ మాట ఆమెకు అప్పుడు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి చాలా రోజులు పట్టింది.

నగేశ్‌ది ఎల్లారెడ్డి. పదో తరగతి తప్పి బోరు బండెక్కాడు. మొదట బురద కడిగాడు, తర్వాత పైపులు మోశాడు, చివరికి డ్రిల్లర్ అయ్యాడు. ఆ మోతకు ఒక చెవి సగం పోయింది. అందుకే ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడేవాడు. మొదట్లో ఎస్తేర్ అది కోపమనుకుని భయపడింది. తర్వాత ఆమే అరవడం నేర్చుకుంది. కామారెడ్డి చుట్టుపక్కల ఎంత లోతుకు పోయినా దుమ్మే లేస్తున్న కాలంలో, బండి ఓనరు ఆ బండిని ఆఫ్రికాలో బోర్లు వేసే కంపెనీకి అమ్మేశాడు. బండి ఓడెక్కింది. దాని వాటం తెలిసినవాడని నగేశ్‌ను కూడా రమ్మన్నారు. "అక్కడ జర లోతుకే నీళ్లు వడుతున్నయట. నీళ్లు వడే బోరు వేసి ఎన్నేండ్లయింది నేను!" అని సంబరపడుతూ పోయాడు.

అవి పక్కపక్కనే ఉన్న రెండు దేశాలు. నడుమ పెద్ద నది. వాటి పేర్లు ఎస్తేర్ నోటికి తిరగలేదు. మొదటి నుంచీ ఈ ఒడ్డు, ఆ ఒడ్డు అనే అన్నది. మనమూ అట్లాగే చెప్పుకుందాం. నగేశ్ బండి ఈ ఒడ్డున, పత్తి చేన్ల నడుమ ఊళ్లకు మంచినీళ్ల బోర్లు వేసేది. నదికి ఎగువన రెండు దేశాల్లోకీ పరుచుకున్న పెద్ద అడవి. ఆ అడవిలో, ఆ ఒడ్డు వైపు, దేవుడి పేరు చెప్పుకుని ఊళ్లు కొట్టే మూక ఒకటి కాపురం పెట్టింది.

నగేశ్ పోయిన కొత్తలో ఆ మూకకు అంత ధైర్యం లేదు. రెండు దేశాలూ దోస్తులు. నది ఒడ్డున రెండు సైన్యాల సిపాయిలు ఒకే పళ్లెంలో చేతులు పెట్టి తింటున్న వీడియో నగేశ్ ఇంటికి పంపాడు. ఈ ఒడ్డున తరిమితే ఆ ఒడ్డున దొరకబట్టేవారు. తర్వాత ఆ ఒడ్డున సైన్యమే సర్కారును దించి గద్దెనెక్కింది. ఈ ఒడ్డు సర్కారు దాన్ని ఒప్పుకోలేదు. మాటకు మాట పెరిగింది. వంతెన మీద అడ్డంగా లారీలంత ఇనుప డబ్బాలు పెట్టి దారి మూశారు. ఒకరి ఫోను ఒకరు ఎత్తడం మానుకున్నారు. దోస్తులు ముఖాలు తిప్పుకున్నాక మూకకు పండుగైంది. నది దాటి వచ్చి పని కానిచ్చుకుని, పాము పుట్టలోకి జారినట్టు మళ్లీ ఆ ఒడ్డుకు జారిపోయేవాళ్లు. వెంట పడినవాళ్లు నీళ్ల దగ్గర ఆగిపోవాల్సిందే.

ఆ రోజు ఎస్తేర్ ఎల్లారెడ్డి బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కూతురు గ్లోరీకి ఏమని చెప్పాలా అని దారి పొడుగునా వెతుక్కుంది. ఏమీ దొరకలేదు. ఇల్లు చేరి అన్నం వండింది, పెట్టింది, బాపు ఫోన్ చేశాడా అంటే పనిలో ఉన్నాడన్నది. మర్నాడు బడిలో ఎవరో పిల్ల ఫోన్‌లో వార్త చూపించింది. గ్లోరీ పుస్తకాల సంచీ అక్కడే వదిలేసి ఇంటికొచ్చేసింది.

"నాకెందుకు చెప్పలే? నేను చిన్నపిల్లనా? ఊరందరికి తెల్సినంక నాకు తెల్వాల్నా?"

"ఎట్ల చెప్పాల్నో తెల్వలే బిడ్డా."

"చెప్తె నేను ఏడుస్త. గంతే గదా! ఏడ్వనియ్యకపోతివి."

ఇద్దరూ అప్పుడు ఏడ్చారు. ఆ తర్వాత ఆ ఇంట్లో దాపరికం లేకుండా పోయింది.

ఎల్లారెడ్డి ఎస్సై వచ్చి వివరాలు రాసుకున్నాడు. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. "గంత దూరం ఎందుకు పోవాలె, ఈడ దొర్కదా పని?" అన్నవాళ్లూ వచ్చారు. వాళ్లకూ ఎస్తేర్ చాయ్ పోసింది.

అసలు కష్టం ఫోన్లతో వచ్చింది. ఈ ఒడ్డు దేశంలో మన ఎంబసీ ఒకటుంది. ఆ ఒడ్డు దేశంలో ఇంకొకటి. రెండు చోట్లా మర్యాదగానే మాట్లాడారు. "మీ భర్త ఇప్పుడు మా దగ్గర లేడమ్మా, నది దాటించారు. ఇక్కడి సైన్యం అటు పోలేదు" అన్నారు ఈ ఒడ్డు నుంచి. "నేరం జరిగింది అక్కడమ్మా. అక్కడివాళ్లు రాసిస్తే గాని ఇక్కడివాళ్లు అడవిలోకి మనుషుల్ని పంపరు. వాళ్లు రాస్తే వీళ్లు తీసుకోవడం లేదు" అన్నారు ఆ ఒడ్డు నుంచి. ఎస్తేర్ ఆసుపత్రి వరండాలో నిలబడి వినేది. వింటున్నకొద్దీ ఆమెకు ఒకటే కనిపించేది: వరదలో ఒక మనిషి కొట్టుకుపోతుంటే, రెండు గట్ల మీదా జనం నిలబడి, తాడు మీరు వెయ్యండంటే మీరు వెయ్యండని అరుచుకుంటున్నట్టు.

ఈ ఒడ్డు ఎంబసీలో స్నిగ్ధ అనే అధికారి ఒకామె ఉండేది. చిన్న వయసు. హిందీలో మాట్లాడేది. ఎస్తేర్ తనకొచ్చిన కామారెడ్డి హిందీలో మాట్లాడేది. స్నిగ్ధ ఒక్కతే "చూస్తాం" అనే మాట వాడేది కాదు. చేసింది చేశానని, కానిది కాలేదని చెప్పేది. అందుకే ఆమె ఫోన్ కోసం ఎస్తేర్ ఎదురు చూసేది, ఆమె ఫోనంటేనే భయపడేది కూడా.

రోజులు వారాలైనాయి. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తుంటే వెల్డింగ్ షాపు యాకూబు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. నగేశ్ విరిగిన రాడ్లన్నీ అతికించింది యాకూబే. అంతకు ముందు జెడ్డాలో చాలా ఏళ్లు లారీ నడిపాడు.

"చెల్లె, లక్ష్మణ్ నాకు ఫోన్ చేసిండు. ఆ ఒడ్డున ఒక బియ్యం సేటు ఉన్నడట. హాజీ. వంతెన మూయకముందు మీ ఆయన బండికి డీజిలు, బియ్యం ఆయన్నే పంపేది. నగేశ్‌ను చూసినోళ్లను నేను చూసిన అంటున్నడట. లక్ష్మణ్‌కు ఆయన భాష సగమే సమజైతుంది. అయితే ఆ హాజీ కూడ జెడ్డాల లారీ నడిపిండట. అరబ్బీల నేను మాట్లాడుత. మాట్లాడమంటవా?"

ఎస్తేర్ స్నిగ్ధను అడిగింది. "ఇట్లాంటప్పుడు దళారులు చాలామంది పుట్టుకొస్తారు ఎస్తేర్ గారూ. చనిపోయినవాళ్లను కూడా బతికున్నారని చెప్తారు. మాట్లాడండి, కానీ ముందు నగేశ్‌కు మాత్రమే తెలిసిన సంగతి ఒకటి అడగమనండి. జవాబు సరిగ్గా వస్తేనే నమ్మండి."

ఏమడగాలి? కూతురి పేరు అందరికీ తెలుసు. పెళ్లి రోజు ఫోటో ఫేస్‌బుక్కులో ఉంది. ఎస్తేర్ వంటింట్లో నిలబడి ఆలోచించి, చివరికి యాకూబుతో అన్నది: "పెండ్లయిన కొత్తల మేం మొదటిసారి కొట్లాడింది దేని గురించి అని అడుగన్నా."

యాకూబు నవ్వలేదు. షాపులో మిషన్లన్నీ ఆపేసి, స్పీకరు పెట్టి హాజీకి ఫోన్ చేశాడు. ఇద్దరు ముసలి డ్రైవర్లు ముందు జెడ్డా కూరగాయల మార్కెట్ గురించి మాట్లాడుకున్నారు, ఒక పోలీసు చెక్‌పోస్టును కలిసి తిట్టుకున్నారు. తర్వాత యాకూబు గొంతు తగ్గించి ప్రశ్న చెప్పాడు. అవతల హాజీ ఒకసారి దగ్గి, "ఇన్షా అల్లా" అన్నాడు. ప్రశ్న నది పక్కన ఊళ్ల గుండా, పశువులు కాచేవాళ్ల నోళ్ల గుండా అడవిలోకి పోవాలి. జవాబు అట్లాగే తిరిగి రావాలి.

అది రావడానికి పట్టిన రోజుల్లో ఎస్తేర్ ఒక్క పూట కూడా డ్యూటీ మానలేదు. ఇంట్లో ఉంటే గోడలు మీదికి వచ్చేవి. పిల్లలకు సూదులేసేటప్పుడు ధ్యాస తప్పితే కష్టమని, మందులిచ్చే పని మాత్రమే అడిగి పెట్టించుకుంది.

జవాబొచ్చిన పొద్దు యాకూబు కామారెడ్డికే వచ్చేశాడు. వార్డు బయట నిలబడి తల గోక్కున్నాడు.

"చెల్లె, ఏదో గడబిడ అయింది. జవాబు వచ్చింది గని నాకు సమజ్ గాలె. జౌజ్ హింద్ అంటుండు హాజీ. అంటే హిందుస్తాన్ కాయ. హిందుస్తాన్ కాయ గురించి కొట్లాడిండ్రట మీరు. ఏం కాయ అది? తప్పుడు జవాబే అనుకుంట."

ఎస్తేర్ ముందు తెల్లబోయింది. తర్వాత ఆమె చెయ్యి నోటి మీదికి పోయింది.

"కొబ్బరికాయ అన్నా! కొబ్బరికాయ!"

పెళ్లయిన కొత్తలో బీబీపేటలో ఎస్తేర్ తండ్రి రాజలింగు చెలకలో బోరు వేయాలనుకున్నారు. నగేశ్ అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని, అది లేచి నిలబడిన చోట నీళ్లు ఉంటాయని చెలకంతా తిరిగాడు. రాజలింగు చర్చి సంఘ పెద్ద. నా చెలకల గీ కొబ్బరికాయ ఆటలు వద్దన్నాడు. ఎస్తేర్ తండ్రి వైపు మాట్లాడింది. నగేశ్ అలిగి అన్నం తినలేదు. చివరికి మామ చూపిన చోటే బోరు వేస్తే దుమ్ము లేచింది. నగేశ్ ముఖం పక్కకు తిప్పుకుని నవ్వాడు. ఆ నవ్వుకు ఎస్తేర్ అతనితో చాలా రోజులు మాట్లాడలేదు.

ఇప్పుడు వార్డు బయట, దగ్గే పిల్లల నడుమ, ఆమె కూలబడి నవ్వుతూ ఏడ్చింది. యాకూబు తలమీది టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "అయితే బతికే ఉన్నడు" అన్నాడు మెల్లగా.

అక్కడి నుంచి సంగతులు చకచకా నడిచాయి. అడవిలో మూకకు బందీలు బరువయ్యారు. వాళ్లు ఇంకా లోపలికి మకాం మార్చాలనుకుంటున్నారు. నది పక్క ఊరి పెద్దలు హాజీని వెంటబెట్టుకుని పోయి బతిమాలారు. కంపెనీ తన దారిలో ఏదో మాట్లాడుకుంది. ఏమిచ్చారో ఎస్తేర్‌కు ఇప్పటికీ తెలియదు, ఆమె అడగలేదు. చివరికి హాజీ కబురు పంపాడు: సంత రోజు ఉల్లిగడ్డల పడవలో నగేశ్‌నూ సబినీ ఈ ఒడ్డుకు తెస్తాను. వంతెన మూసినా సంత ఆగదు గదా, పడవలు దొంగచాటుగా తిరుగుతూనే ఉన్నాయి. కానీ ఎవ్వరికీ చెప్పొద్దు.

ఆ వారమే లక్ష్మణ్ ఎస్తేర్‌కు చెప్పి ఉన్నాడు: దొంగ పడవల మీద రెండు ఒడ్ల సిపాయిలూ తుపాకులు పేలుస్తున్నారని.

షాపులో ముగ్గురూ కూర్చున్నారు, గ్లోరీతో కలిపి.

"చెప్పొద్దన్నడు హాజీ. మాట తప్పుతె ఆయన పానం పోతది" అన్నాడు యాకూబు. "సిపాయిలు ఆయన్ను వట్టుకుంటె దొంగలకు కబురు మోసినోడు అంటరు. ఆ రక్తం మన నెత్తి మీద ఉంటది చెల్లె."

"చెప్పకపోతె?" అన్నది ఎస్తేర్. "నడి నదిల కాలుస్తరు. అప్పుడెవరి రక్తం ఎవరి నెత్తి మీద?"

గ్లోరీ తల ఎత్తింది. "హాజీ తాతనే అడుగున్రి. ఆయనది గదా పడవ."

యాకూబు అడిగాడు. అవతల గాలి, కోళ్ల కూత వినిపించాయి. తర్వాత హాజీ ఏదో అన్నాడు.

"మీవాళ్లకు చెప్పుకోండి అంటుండు" అన్నాడు యాకూబు. "సిపాయిలకు నా పేరు చెప్పొద్దు. పడవకు నీలిగుడ్డ కడుత. గంతే చెప్పమంటుండు."

ఎస్తేర్ స్నిగ్ధకు ఫోన్ చేసింది. నీలిగుడ్డ కట్టిన పడవ, సంత రోజు. ఇంతకు మించి అడగొద్దని కూడా చెప్పింది.

"ఈ ఒడ్డు సైన్యానికి నేను చెప్పగలను. కానీ ఆ ఒడ్డువాళ్లకు ఈ ఒడ్డు నుంచి ఏం కబురు పోయినా నమ్మరు. ఇది వల అనుకుంటారు."

"మేడం, ఆ ఒడ్డున మీ ఆఫీసు ఉన్నది గదా. వాళ్లు కూడ మనోళ్లే గదా. ఆ రెండు దేశాలు మాట్లాడుకోకపోతె, మీరు మీరు మాట్లాడుకోవద్దని ఎవరన్న చెప్పిండ్రా?"

"అట్లా కాదు ఎస్తేర్ గారూ. దేనికైనా ఢిల్లీ నుంచి..."

"నా మొగుడు ఢిల్లీల లేడు మేడం. నడిమిట్ల ఉన్నడు." ఆమె గొంతు ఎప్పుడు పెరిగిందో ఆమెకే తెలియదు, నగేశ్‌తో మాట్లాడినట్టే అరుస్తోంది. "మీరు ఫోన్ చేసేదాంక నేను పెట్టెయ్య. లైన్ల ఉంట."

అవతల ఇంకో ఫోన్‌లో నంబరు నొక్కుతున్న చప్పుడు. స్నిగ్ధ ఆ ఒడ్డు ఎంబసీ అధికారితో ఇంగ్లీషులో మాట్లాడుతోంది. మధ్యలో "బ్లూ క్లాత్" అన్న మాట రెండుసార్లు వినబడింది. ఎస్తేర్ కళ్లు మూసుకుంది.

"చెప్పాను" అన్నది స్నిగ్ధ తిరిగొచ్చి. "ఢిల్లీకి తర్వాత నేను చెప్పుకుంటాను. ఆ పడవ మీద కాల్పులు జరపబోమని రెండు వైపులా మాటిచ్చారు."

సంత రోజు యాకూబు షాపు తెరవలేదు. షట్టరు సగం దించి లోపల కూర్చున్నారు. నదికి ఈ ఒడ్డున చెట్ల చాటున లక్ష్మణ్ ఉన్నాడు. ఫోన్ కట్ చేయకుండా పట్టుకుని, కనిపించేదంతా చెబుతున్నాడు.

"పడవలు కదిలినయ్ ఒదినె. ఉల్లిగడ్డలవి, మేకలవి... నీలిగుడ్డది అగుపిస్తలేదు... ఆ, అగుపిచ్చింది. ఎనుకకు ఉన్నది. అన్న కూసున్నడు. గడ్డం పెరిగింది. అన్ననే! పక్కకు సబి."

గ్లోరీ తల్లి చెయ్యి పట్టుకుంది. యాకూబు పెదవులు కదులుతున్నాయి.

"సగం దాటిండ్రు. ఇంకో జర..."

ఫోన్‌లో పటపటమని మోత. ఎస్తేర్ ఎగిరి లేచింది. మళ్లీ మోత, ఈసారి రెండు వైపుల నుంచి. లక్ష్మణ్ ఏదో అరిచాడు. ఫోన్ కిందపడ్డట్టు చప్పుడైంది, ఆ తర్వాత లైను తెగిపోయింది.

మళ్లీ కలుపుదామంటే కలవదు. స్నిగ్ధ నంబరు బిజీ. యాకూబు హాజీకి కలిపాడు, మోగుతోంది గాని ఎత్తడం లేదు. ఎస్తేర్ షట్టరు కింద నుంచి రోడ్డు మీదికి చూస్తూ నిలబడింది. బడి పిల్లలు పోతున్నారు. ఒకడు జామకాయ తింటున్నాడు. ఈ లోకం ఇట్లాగే ఉంటుందా అనుకుంది ఆమె. ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు, నగేశ్ పేరొక్కటే వచ్చింది.

ఫోన్ మోగింది. లక్ష్మణ్ నంబరే. ఎత్తింది. అవతల ఎవరో ఆయాసపడుతున్నారు. తర్వాత ఎల్లారెడ్డి సందంతా వినబడేంత గొంతు:

"ఎస్తేరూ! ఒడ్డుకు వడ్డ!"

ఆమె కూడా అరిచింది. ఏం అరిచిందో గుర్తు లేదు. గ్లోరీ ఫోన్ లాక్కుంది. యాకూబు మూల నిలబడి ముఖం గోడకు తిప్పుకున్నాడు. కొంతసేపటికి నగేశ్ గొంతు తగ్గింది.

"సబి పోయిండు" అన్నాడు. "నా పక్కకే ఉండె. పోయిండు."

ఏం జరిగిందో నగేశ్ ఇంటికొచ్చాక నెమ్మదిగా, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. కామారెడ్డి స్టేషన్‌లో దిగినప్పుడు మనిషి సగమయ్యాడు, భుజానికి కట్టు. పూలదండ పట్టుకుని వచ్చినవాళ్లను చూసి భయపడి గ్లోరీ వెనక నిలబడ్డాడు.

మాట తప్పి పడవ మీద ఎవరూ కాల్చలేదు. అదీ అసలు సంగతి. వేరే మేకల పడవను బెదిరించడానికి ఒక ఒడ్డున ఎవరో గాల్లోకి పేల్చారు. రెండో ఒడ్డువాళ్లు తమ మీదనే అనుకున్నారు. వాళ్లు జవాబిచ్చారు. వీళ్లు మళ్లీ. ఒకప్పుడైతే ఒక ఫోను చేసి "ఏందది?" అని అడిగేవాళ్లు. ఇప్పుడు అడిగే దారే లేదు. రెండు సైన్యాల గుండ్లూ నది మీదుగా దాటాయి, నడుమ నీలిగుడ్డ కట్టిన పడవ ఉంది. నగేశ్ భుజానికి గుండు రాసుకుపోయి నీళ్లలో పడ్డాడు, ఈదుకుంటూ ఒడ్డు చేరాడు. హాజీ పడవను వెనక్కి తిప్పుకుని ప్రాణం దక్కించుకున్నాడు. సబికి ఛాతీలో తగిలింది.

ఆ తర్వాత రెండు దేశాలూ పత్రికల్లో ఒకరిమీద ఒకరు నెట్టుకున్నాయి. గుండు అవతలి నుంచే వచ్చిందని ఇద్దరూ అన్నారు. ఒక రోజు ఈ ఒడ్డు పెద్ద అధికారి తరఫున నగేశ్‌కు ఫోన్ వచ్చింది, తుపాకీ మొదట ఆ ఒడ్డునే పేలిందని ఒక్క మాట చెప్పమని. నగేశ్ ఫోన్ భార్యకిచ్చేశాడు.

"ఆయనకు ఒక చెవి వినవడది సార్" అన్నది ఎస్తేర్. "మొదలు ఎటుదిక్కు పేలిందో ఆయనకు తెల్వది. తెల్వనిది చెప్పడు. రెండు దిక్కుల పేలింది, గంతవరకు చెప్తడు. రాసుకోండ్రి." అవతలివాళ్లు రాసుకోలేదు, ఫోన్ పెట్టేశారు.

ఎస్తేర్‌ను ఒకటి మాత్రం వదల్లేదు. సబికి భార్య ఉంది, ఈ ఒడ్డు ఊళ్లోనే. తాను చెప్పిన నీలిగుడ్డ, తాను చేయించిన ఫోను. తన మొగుడు వచ్చాడు, ఆమె మొగుడు రాలేదు. ఇందులో తన తప్పేమన్నా ఉందా అని యాకూబును అడిగింది. పాస్టరు గారిని అడిగింది. లేదనే అన్నారిద్దరూ. ఆ మాటతో ఆమెకు నిద్ర రాలేదు. చివరికి లక్ష్మణ్‌ను పట్టుకున్నది.

"నన్ను ఆమెతోని మాట్లాడిపియ్యి."

"ఏం మాట్లాడుతవ్ ఒదినె? ఈడి సర్కారు భాష ఫ్రెంచే రాదు ఆమెకు. ఊరి భాష."

"నువ్వు చెప్పు. నాకు తెలుగుల చెప్పు, ఆమెకు ఎట్లొస్తె గట్ల చెప్పు."

వీడియో కాల్‌లో ఒకామె కనిపించింది. తలకు గుడ్డ చుట్టుకుని, చంకలో బిడ్డతో. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. సబి భార్యే ముందు అడిగింది. లక్ష్మణ్ తెలుగు చేశాడు.

"పోయే ముందు ఏమన్న అన్నడా అని అడుగుతుంది ఒదినె."

ఎస్తేర్ నగేశ్ వైపు చూసింది. నగేశ్ ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట అది. ఫోన్ దగ్గరికి జరిగి కూర్చున్నాడు.

"బండి మీద రాడ్డు తిరిగేటప్పుడు మేం 'వంగు, వంగు' అని అరుస్తం" అన్నాడు. "సబి మా తోని చేసి చేసి ఆ మాట నేర్చిండు. ఎవర్ని చూసిన నవ్వుకుంట 'వంగు' అనేటోడు. పడవల గుండ్లు వస్తుంటె నన్ను మెడవట్టి కిందికి తోసిండు. 'వంగు నగేశ్, వంగు' అన్నడు. తెలుగులనే అన్నడు. నేను వంగిన. ఆయన వంగలె."

లక్ష్మణ్ ఎంతోసేపు తడుముకుంటూ ఆమెకు చెప్పాడు. ఆమె విన్నది. బిడ్డను ఇంకో చంకలోకి మార్చుకుంది. "వంగు" అని మెల్లగా తన నోటితో తానే అని చూసుకుంది. తర్వాత ఏదో అడిగింది.

"ఆ మాటకు అర్థమేంది అంటుంది."

ఎస్తేర్ నిలబడి, ఫోన్ ముందు తలమీద చేతులు పెట్టుకుని, నడుం వంచి చూపించింది. అవతల ఆమె చూసి తల ఊపింది. ఏడుస్తూనే తల ఊపింది.

నగేశ్ ఇప్పుడు బోరు బండెక్కడు. ఎల్లారెడ్డిలో మోటార్లు బాగు చేస్తాడు, ఎక్కువగా యాకూబు షాపు ముందరే. టపాకాయ పేలితే లేచి లోపలికి పోతాడు. ఎవరూ ఏమీ అనరు. వంతెన మీద ఇనుప డబ్బాలు అట్లాగే ఉన్నాయని హాజీ చెబుతాడు, అడవిలో మూక కూడా అట్లాగే ఉందని. స్నిగ్ధకు వేరే దేశం బదిలీ అయింది. పోయేముందు ఫోన్ చేసి, ఢిల్లీ చేత మాటలు పడ్డానని నవ్వింది. ఎస్తేర్ పొద్దున్నే కామారెడ్డి బస్సెక్కుతుంది. నెలకోసారి, జీతం వచ్చిన మర్నాడు, ఇంకా అక్కడే ఉన్న లక్ష్మణ్‌కు కొంత పైకం పంపి, ఫోన్ చేసి, సబి భార్య ఊరికి పొమ్మంటుంది. ఆ ఇద్దరు ఆడవాళ్లూ ఇప్పుడు లక్ష్మణ్ తెలుగు చేయకపోయినా కొంచెం కొంచెం మాట్లాడుకుంటారు. సబి బిడ్డ నడుస్తోందట.